యుద్ధం కాంట్రాక్టుకు ఇస్తే లెక్క ఎవరు చెప్పాలి?

సంక్షిప్తంగా: ప్రైవేటు సైనిక కంపెనీలు మనుషులనూ ఆయుధాలనూ సమకూరుస్తాయి. వాటితో పాటు, జరిగినదానికి తాము జవాబు చెప్పకుండా తప్పించుకునే వీలునూ ప్రభుత్వాలకు ఇస్తాయి. డబ్బున్న దేశం దానికి నోట్లతో చెల్లిస్తుంది, లేని దేశం గనులతోనో భూమితోనో చెల్లిస్తుంది. అంతర్జాతీయ చట్టం ఉన్నా దాని నిర్వచనానికి దాదాపు ఎవరూ చిక్కడం లేదు. ఈ గొలుసులో చివరన ఉన్నది పేద దేశాల నుంచి పనికోసం వెళ్లిన మనిషి.

2001 తర్వాత అమెరికా చేసిన యుద్ధాల్లో సుమారు 7 వేల మంది అమెరికా సైనికులు చనిపోయారు. అవే యుద్ధాల్లో అమెరికా తరఫున పనిచేస్తూ చనిపోయిన కాంట్రాక్టు సిబ్బంది సుమారు 8 వేల మంది ఉంటారని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకుల అంచనా. సైనికుడు చనిపోతే అమెరికా రక్షణ శాఖ (పెంటగాన్) పేరు, ఊరు, వయసు ప్రకటిస్తుంది. కాంట్రాక్టు మనిషి చనిపోతే అలాంటి ప్రకటన రాదు. విదేశీ స్థావరాల్లో పనిచేసేవాళ్లకు కంపెనీలు బీమా చేయించాలని 1941 నాటి అమెరికా చట్టం ఒకటి ఉంది. ఆ బీమా క్లెయిముగా ఆ మరణం కార్మిక శాఖ రికార్డుల్లోకి చేరుతుంది. నేపాల్‌లోనో ఉగాండాలోనో ఉన్న కుటుంబానికి అలాంటి క్లెయిము ఒకటి పెట్టుకోవచ్చని తెలియకపోతే అక్కడికీ చేరదు.

ఈ వ్యాపారాన్ని అర్థం చేసుకోవడానికి ఈ తేడానే మంచి ఆధారం. యుద్ధంలో పోయిన ప్రాణం సైన్యం పద్దులో పడితే పార్లమెంటులో ప్రశ్న వస్తుంది, టీవీలో చర్చ వస్తుంది, ఎన్నికల్లో ఓటు పోతుంది. కంపెనీ పద్దులో పడితే అది ఖర్చుల కింద పోతుంది.

కంపెనీలు చేసే పని

ప్రైవేటు సైన్యం అనగానే నల్లకళ్లద్దాలు, తుపాకీ గుర్తొస్తాయి. నిజానికి ఈ రంగంలో ఎక్కువమంది తుపాకీ పట్టరు. వంట వండటం, బట్టలు ఉతకడం, ట్యాంకర్లు నడపడం, శిబిరాలు కట్టడం, హెలికాప్టర్లు రిపేరు చేయడం వంటి పనులదే పెద్ద వాటా. రెండో రకం కంపెనీలు శిక్షణ, సలహాలు ఇస్తాయి. 1990ల మధ్యలో క్రొయేషియా సైన్యానికి రిటైర్డ్ అమెరికా అధికారుల కంపెనీ ఎంపీఆర్ఐ ఇచ్చిన శిక్షణ ఇలాంటిదే. మూడో రకం ఆయుధాలతో కాపలా కాస్తుంది, లేదా నేరుగా యుద్ధం చేస్తుంది. విమర్శలన్నీ ఈ మూడో రకం మీదే వస్తాయి. కానీ మొదటి రకం లేకపోతే నేటి పెద్ద సైన్యాలు ఎక్కువకాలం నిలవలేవు. ఆ ఆధారపడటం మీద చర్చ మాత్రం తక్కువ.

సైన్యం ఇచ్చి సీమ తీసుకున్న కంపెనీ

ఇది కొత్త వ్యాపారం కాదు. దీని పూర్తి రూపాన్ని తెలుగు నేల రెండు శతాబ్దాల కిందటే చూసింది.

18వ శతాబ్దం చివర్లో హైదరాబాద్ నిజాం దగ్గర ఫ్రెంచి అధికారి రేమండ్ నడిపే పటాలాలు ఉండేవి. రేమండ్ 1798లో చనిపోయాడు. ఆయన సమాధి ఇప్పటికీ హైదరాబాద్‌లో అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. అదే ఏడాది నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి అధికారుల పటాలాలను రద్దు చేసి, వాటి స్థానంలో కంపెనీ సిపాయిలను పెట్టుకోవాలి. అందుకు ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించాలి.

రెండేళ్లకే నగదు చెల్లింపు భూమి చెల్లింపుగా మారింది. 1800లో కుదిరిన మరో ఒప్పందంతో, టిప్పు సుల్తాన్ మీద యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన ప్రాంతాలను నిజాం కంపెనీకి శాశ్వతంగా రాసిచ్చాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు అలా చేతులు మారాయి. 1928లో రాయలసీమ అని పేరు పెట్టుకున్న దత్త మండలాలు ఇవే. ఒక వాణిజ్య కంపెనీ సమకూర్చిన సైన్యానికి చెల్లించిన బిల్లు అది. అక్కడితోనూ ఆగలేదు. హైదరాబాద్ కంటింజెంట్ అనే మరో దళం ఖర్చుల బకాయి పెరిగి పెరిగి, 1853లో నేటి మహారాష్ట్రలోని బీరారు జిల్లాల ఆదాయాన్ని కూడా కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది.

ఈ క్రమాన్ని గమనించాలి. ముందు భద్రత కోసం బయటి సైన్యాన్ని పిలుస్తారు. సొంత సైన్యం బలహీనపడుతుంది. బయటి సైన్యం లేకుండా నిలవలేని స్థితి వస్తుంది. అప్పుడు ధర నిర్ణయించేది అమ్మేవాడే. ఆఫ్రికాలో గత మూడు దశాబ్దాలుగా కొన్నిచోట్ల నడుస్తున్నదీ ఇదే క్రమం.

వజ్రాల లెక్కన యుద్ధం

ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక సైన్యాలు చిన్నవయ్యాయి. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన కూలుతున్న సమయంలో దాని ప్రత్యేక దళాల సైనికులు వేల సంఖ్యలో బయటికి వచ్చారు. వాళ్లలో ఒకరైన ఈబెన్ బార్లో 1989లో పెట్టిన ఎగ్జిక్యూటివ్ ఔట్‌కమ్స్ అనే కంపెనీ, 1993లో అంగోలా ప్రభుత్వం తరఫున చమురు కేంద్రం సోయోలో పోరాడింది. 1995లో సియెర్రా లియోన్‌కు వెళ్లింది. అక్కడ రివల్యూషనరీ యునైటెడ్ ఫ్రంట్ తిరుగుబాటుదారులు రాజధాని ఫ్రీటౌన్ దగ్గరిదాకా వచ్చేశారు. కొన్ని వందల మందితో, హెలికాప్టర్లతో ఆ కంపెనీ వాళ్లను వెనక్కి నెట్టి, వజ్రాల గనులున్న కోనో ప్రాంతాన్ని తిరిగి పట్టుకుంది.

సుమారు 21 నెలల ఆ పనికి ఒప్పందం విలువ 3.5 కోట్ల డాలర్లు. ఖజానా ఖాళీ కావడంతో బకాయిలు పేరుకుపోయాయి. అదే సమయంలో ఈ కంపెనీతో సంబంధాలున్న గనుల సంస్థ బ్రాంచ్ ఎనర్జీకి అక్కడ వజ్రాల తవ్వకం హక్కులు దక్కాయి. శాంతి ఒప్పందంలో భాగంగా 1997 జనవరిలో కంపెనీ వెళ్లిపోయింది. నాలుగు నెలలకే, మే నెలలో సైనిక తిరుగుబాటు జరిగి ప్రభుత్వం కూలిపోయింది.

ఈ ఉదాహరణను రెండు పక్షాలూ వాడుకుంటాయి. ఐక్యరాజ్యసమితి కన్నా తక్కువ ఖర్చుతో, వేగంగా ప్రాణాలు కాపాడారని ఒక వాదన. వాళ్లు వెళ్లగానే కూలిపోయిందంటే దేశం చేతికి ఏమీ మిగల్లేదని రెండోది. మొదటి వాదనలో కొంత నిజం ఉంది. కోనోలో చేతులు నరికే ముఠాల నుంచి తప్పించుకున్న జనానికి అది చిన్న విషయం కాదు. అయినా బరువు రెండో వాదన వైపే ఉంది. కంపెనీ అమ్మింది గెలుపును. దేశానికి కావాల్సింది తన పౌరులను తాను కాపాడుకోగల సైన్యం. ఆ రెండోది ఒప్పందంలో ఉన్నా, అది పూర్తయిన రోజే కంపెనీకి పని పోతుంది.

పపువా న్యూగినీలో 1997లో ఇదే ప్రయత్నం ఆదిలోనే బెడిసికొట్టింది. బూగెన్‌విల్ ద్వీపంలోని పాంగునా రాగి గనిని తిరిగి చేజిక్కించుకోవడానికి ప్రధాని జూలియస్ చాన్ శాండ్‌లైన్ అనే బ్రిటిష్ కంపెనీతో 3.6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. తమకు సరిగా జీతాలే ఇవ్వని ప్రభుత్వం బయటివాళ్లకు అంత డబ్బు పోయడం సొంత సైన్యానికి కడుపుమంట రేపింది. సైన్యం ఎదురుతిరిగింది, కంపెనీ మనుషులను దేశం నుంచి పంపేశారు, ప్రధాని పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది.

ఇరాక్: కాంట్రాక్టు కింద కాంట్రాక్టు

అమెరికా ఈ దారిలో నడవడం 2003 కన్నా ముందే మొదలైంది. సైన్యానికి కావలసిన వంట, వసతి, రవాణాను ఒకే పెద్ద కంపెనీకి అప్పగించే లాగ్‌క్యాప్ పథకం కింద 1992లో మొదటి పెద్ద కాంట్రాక్టు బ్రౌన్ అండ్ రూట్‌కు వెళ్లింది. అప్పుడు రక్షణ మంత్రి డిక్ చెనీ. 1995లో ఆయన ఆ కంపెనీకి మాతృసంస్థ అయిన హాలిబర్టన్‌కు అధిపతి అయ్యాడు, 2001లో ఉపాధ్యక్షుడయ్యాడు. తర్వాత కేబీఆర్ అనే పేరుతో అదే కంపెనీ ఇరాక్ యుద్ధంలో అతిపెద్ద కాంట్రాక్టర్‌గా నిలిచింది.

అలాంటి కాంట్రాక్టు లోపల ఏం జరుగుతుందో 2004 మార్చి 31న ఫల్లూజాలో బయటపడింది. అమెరికా ప్రైవేటు భద్రతా కంపెనీ బ్లాక్‌వాటర్‌కు చెందిన నలుగురు గార్డులను అక్కడ చంపి, శవాలను తగలబెట్టి, యూఫ్రటీస్ వంతెనకు వేలాడదీశారు. వాళ్లు కాపలాగా వెళ్తున్నది వంటసామాను తేవడానికి బయల్దేరిన ఖాళీ ట్రక్కులకు. ఆ పని ఎవరిదని వెతికితే, బ్లాక్‌వాటర్ పైన ఒక కువైట్ కంపెనీ, దాని పైన భోజనాలు సరఫరా చేసే ఈఎస్ఎస్, ఆ పైన కేబీఆర్, అన్నిటికన్నా పైన అమెరికా సైన్యం కనిపించాయి. ఒక్కో మెట్టులో ఒక్కో కంపెనీ తన లాభం కలుపుకుంటుంది. మెట్టు మెట్టుకూ బాధ్యత పలచబడుతుంది. గార్డుల కుటుంబాలు తమవాళ్లను అలా ఎందుకు పంపారని అడిగితే సూటిగా జవాబు చెప్పేవాళ్లు దొరకలేదు.

ఆ తర్వాత జరిగింది మరింత ముఖ్యం. ఆ దృశ్యాలు టీవీల్లో చూశాక అమెరికా మెరైన్లను ఫల్లూజా మీదికి పంపింది. ఏప్రిల్‌లో జరిగిన ఆ దాడిలో సైనికులతో పాటు వందల మంది ఇరాకీలు చనిపోయారు. అంటే గిన్నెలు తెచ్చే సబ్ కాంట్రాక్టు ఒకటి ఒక దేశపు సైన్యాన్ని అనుకోని యుద్ధంలోకి లాగింది. ఖర్చు తగ్గుతుందని చెప్పే లెక్కల్లో ఇలాంటివి ఎక్కడా కనిపించవు.

మూడేళ్ల తర్వాత, 2007 సెప్టెంబర్ 16న బాగ్దాద్ నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ గార్డులు ట్రాఫిక్‌లో ఉన్న జనం మీద కాల్పులు జరిపారు. ఇరాక్ లెక్క ప్రకారం 17 మంది పౌరులు చనిపోయారు. మరుసటి నెల కంపెనీ యజమాని ఎరిక్ ప్రిన్స్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందుకు వచ్చి, తాము కాపాడిన అధికారుల్లో ఒక్కరూ చనిపోలేదని చెప్పాడు. అది నిజమే. సమస్య కూడా అందులోనే ఉంది. కంపెనీ పనితీరును కొలిచే కొలబద్ద ఒక్కటే: కారులో కూర్చున్న అధికారి బతికున్నాడా లేదా. కారు పక్కనుంచి వెళ్లే ఇరాకీ బతికున్నాడా అనేది ఆ కొలతలో లేదు. సైన్యానికైతే ఊరి జనం నమ్మకం కూడా అవసరం, ఎందుకంటే రేపు అదే వీధిలో గస్తీ తిరగాలి.

శిక్ష విషయానికొస్తే, ఇరాక్‌లో అమెరికా నడిపిన ఆక్రమణ పాలనా యంత్రాంగం జారీ చేసిన 17వ నంబరు ఉత్తర్వు వల్ల కాంట్రాక్టర్లను ఇరాక్ కోర్టులు విచారించడానికి వీల్లేకపోయింది. అమెరికా కోర్టులో కేసు ఏళ్ల తరబడి నడిచి, 2014లో నలుగురు దోషులుగా తేలారు. 2020 డిసెంబర్‌లో అధ్యక్షుడు ట్రంప్ ఆ నలుగురికీ క్షమాభిక్ష పెట్టారు.

నిజంగా ఖర్చు తగ్గుతుందా?

ఒక్కో గార్డుకు రోజుకు 1,222 డాలర్ల చొప్పున బ్లాక్‌వాటర్ బిల్లు వేసిందని 2007లో కాంగ్రెస్ కమిటీ లెక్క తీసింది. సైనికుడి మీద అయ్యే ఖర్చు కన్నా ఇది అనేక రెట్లు. దీనికి కంపెనీల జవాబు, సైనికుడికి పెన్షన్, వైద్యం, శాంతికాలంలో జీతం ఉంటాయని, తమకు పని అయిపోగానే డబ్బు ఆగిపోతుందని. కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం 2008లో అన్నీ కలిపి చూసి, యుద్ధకాలంలో రెండు ఖర్చులూ దాదాపు సమానమేనని, యుద్ధం ముగిశాక కాంట్రాక్టు రద్దు చేసుకోగలగడమే తేడా అని చెప్పింది.

ఈ లెక్క సరైనదే, కానీ పర్యవేక్షణ సరిగా ఉంటేనే. ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల కాంట్రాక్టులను పరిశీలించిన కమిషన్ 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం వృథా, మోసాల కింద పోయింది కనీసం 3,100 కోట్ల డాలర్లు, గరిష్ఠంగా 6,000 కోట్ల డాలర్లు. బిల్లులు తనిఖీ చేసే అధికారుల సంఖ్య కాంట్రాక్టులు పెరిగినంత వేగంగా పెరగలేదు. 

వాగ్నర్: కాగితం మీద లేని సైన్యం

అమెరికా పద్ధతిలో కనీసం కాంట్రాక్టు కాగితం ఉంటుంది, జర్నలిస్టు అడిగితే ఎప్పటికో బయటికి వస్తుంది. రష్యా పద్ధతిలో ఆ కాగితమూ లేదు. రష్యా నేర చట్టంలోని 359వ ఆర్టికల్ కిరాయి సైనికులను నిషేధిస్తుంది. అయినా 2014లో తూర్పు ఉక్రెయిన్‌లో కనిపించిన వాగ్నర్ దళం తర్వాత సిరియా, లిబియా, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్, మాలీ వరకు వెళ్లింది. దాన్ని పెట్టింది తానేనని రష్యా వ్యాపారి యెవ్గెనీ ప్రిగోజిన్ ఒప్పుకున్నది 2022 సెప్టెంబర్‌లో. అప్పటిదాకా ఆయన అలా రాసినవాళ్ల మీద కేసులు వేస్తూ వచ్చాడు.

చెల్లింపు మాత్రం పాత పద్ధతే. సిరియాలో ఐసిస్ నుంచి తిరిగి పట్టుకున్న చమురు, గ్యాస్ క్షేత్రాల ఉత్పత్తిలో నాలుగో వంతు ప్రిగోజిన్‌తో సంబంధమున్న ఎవ్రో పోలిస్ కంపెనీకి వెళ్లేలా ఒప్పందం కుదిరింది. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో అధ్యక్షుడికి కాపలా, సైన్యానికి శిక్షణ ఇచ్చిన వాగ్నర్ సంబంధిత కంపెనీలకు ఎన్‌డాసిమా బంగారు గని, వజ్రాల లైసెన్సులు దక్కాయి.

ఈ ఏర్పాటు యజమానికే ఎదురుతిరగడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2022 మధ్య నుంచి వాగ్నర్ రష్యా జైళ్లలో మనుషులను చేర్చుకుంది. ఆరు నెలలు యుద్ధం చేసి బతికితే శిక్ష మాఫీ. ఆ ఏడాది చివరికి వాగ్నర్ తరఫున ఉక్రెయిన్‌లో ఉన్న 50 వేల మందిలో 40 వేల మంది ఖైదీలేనని అమెరికా అంచనా వేసింది. ఉక్రెయిన్ నగరం బఖ్ముత్ కోసం జరిగిన పోరులో తనవాళ్లు 20 వేల మంది చనిపోయారని ప్రిగోజిన్ స్వయంగా చెప్పాడు. ఇలాంటి దళాలన్నీ జులై 1 లోపు తమతో ఒప్పందం మీద సంతకం చేయాలని 2023 జూన్‌లో రక్షణ శాఖ ఆదేశించింది. అంటే వ్యాపారం మొత్తం శాఖ చేతికి పోతుంది. జూన్ 24న వాగ్నర్ రోస్తోవ్ నగరంలోని సైనిక కార్యాలయాన్ని పట్టుకుని మాస్కో వైపు కదిలింది. ఒక్క రోజులో తిరుగుబాటు ఆగింది. రెండు నెలలకు, ఆగస్టు 23న ప్రిగోజిన్ విమానం కూలి చనిపోయాడు.

తిరుగుబాటు అయిన మూడో రోజున పుతిన్ ఒక అంకె బయటపెట్టాడు. 2022 మే నుంచి ఏడాది కాలంలో వాగ్నర్ జీతాలకు, బోనస్‌లకు రష్యా ప్రభుత్వం 8,600 కోట్ల రూబుళ్లకు పైగా ఇచ్చిందని. అంతకుముందు తొమ్మిదేళ్లపాటు ఆ దళంతో తమకు సంబంధం లేదన్నది ఆ ప్రభుత్వమే.

ప్రిగోజిన్ పోయినా వ్యాపారం ఆగలేదు. ఆఫ్రికాలో ఆ పనిని ఇప్పుడు రక్షణ శాఖ కింద ఉన్న ఆఫ్రికా కోర్ చూస్తోంది. మాలీలో ఫలితం ఎలా ఉందో చూస్తే ఈ పద్ధతి పరిమితి తెలుస్తుంది. 2021 చివర్లో వాగ్నర్ వచ్చింది, 2022లో ఫ్రెంచి సైన్యం, 2023లో ఐక్యరాజ్యసమితి దళం వెళ్లిపోయాయి. 2022 మార్చిలో మౌరా గ్రామంలో మాలీ సైన్యం, విదేశీ సైనికులు కలిసి కనీసం 500 మందిని చంపారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం తేల్చింది. 2025 చివరికి జిహాదీ ముఠా రాజధాని బమాకోకు పెట్రోలు ట్యాంకర్లు రాకుండా అడ్డుకునే స్థితి వచ్చింది.

చట్టానికి చిక్కని నిర్వచనం

కిరాయి సైనికుడు ఎవరో 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్‌లోని 47వ ఆర్టికల్ చెబుతుంది. అందులో ఆరు షరతులున్నాయి. పోరాటం కోసమే ప్రత్యేకంగా చేరాలి, నేరుగా పోరాడాలి, డబ్బే ప్రధాన ఉద్దేశం కావాలి, యుద్ధంలో ఉన్న దేశాల పౌరుడు కాకూడదు, వాటి సైన్యంలో సభ్యుడు కాకూడదు, మరో దేశం అధికారికంగా పంపినవాడై ఉండకూడదు. ఆరూ ఒకేసారి వర్తించాలి. ఇరాక్‌లో అమెరికన్ గార్డు యుద్ధంలో ఉన్న దేశపు పౌరుడే, కాబట్టి బయట. ఉక్రెయిన్‌లో రష్యన్ వాగ్నర్ మనిషీ అంతే. బ్రిటిష్ సైన్యంలో చేరిన నేపాలీ గూర్ఖా ఆ సైన్యంలో సభ్యుడు. ఇలా ఒక్కొక్కరూ ఒక్కో షరతు పట్టుకుని బయటపడతారు. కిరాయి సైనికుల మీద ఐక్యరాజ్యసమితి 1989లో చేసిన ఒప్పందంలో అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్ చేరలేదు. 2008 నాటి మోంట్రో పత్రం దేశాల బాధ్యతలను గుర్తుచేస్తుంది కానీ ఎవరినీ కట్టడి చేయలేదు.

కాస్త పనిచేసింది దేశాల సొంత చట్టాలే. 1998లో దక్షిణాఫ్రికా విదేశాల్లో సైనిక సేవలకు అనుమతి తప్పనిసరి చేశాక ఎగ్జిక్యూటివ్ ఔట్‌కమ్స్ మూతపడింది. ఈక్వటోరియల్ గినీ ప్రభుత్వాన్ని కూల్చడానికి 2004లో జరిగిన కుట్ర కేసులో బ్రిటన్ మాజీ ప్రధాని కొడుకు మార్క్ థాచర్ అదే చట్టం కింద తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడు.

గొలుసు చివర ఉన్న మనిషి

అమెరికా స్థావరాల్లో వంట, సఫాయి, డ్రైవింగ్ చేసినవాళ్లలో చాలామంది భారత్, నేపాల్, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్ నుంచి గల్ఫ్ మీదుగా వెళ్లినవాళ్లు. జోర్డాన్‌లో పని అని చెప్పి తీసుకెళ్లిన 12 మంది నేపాలీలను 2004 ఆగస్టులో ఇరాక్‌లో మిలిటెంట్లు చంపారు. అదే వేసవిలో కువైట్ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి పనిచేస్తున్న ముగ్గురు భారతీయ డ్రైవర్లు కిడ్నాప్ అయి, వారాల తర్వాత విడుదలయ్యారు. 2016 జూన్‌లో కాబూల్‌లోని కెనడా ఎంబసీ గార్డుల బస్సు మీద బాంబు దాడిలో పన్నెండు మందికి పైగా నేపాలీలు, ఇద్దరు భారతీయులు చనిపోయారు.

గల్ఫ్ దారి తెలిసిన కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెలకు ఈ నియామకాలు నడిచే తీరు కొత్త కాదు. ఏజెంట్‌కు అప్పు చేసి డబ్బు కట్టడం, చెప్పిన పని ఒకటి, దిగాక చేసే పని ఇంకొకటి, పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉండటం. 2024లో హైదరాబాద్ యువకుడు ఒకరు సహాయకుడి ఉద్యోగం అనుకుని రష్యా వెళ్లి ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయినప్పుడు ఆ తీరు యుద్ధభూమికి పాకిందని తెలిసింది. అక్కడ చేర్చుకున్నది రష్యా సైన్యమే, ప్రైవేటు కంపెనీ కాదు. కానీ మనిషిని చేర్చిన దారి ఒక్కటే. 2025 జనవరికి విదేశాంగ శాఖ దృష్టికి వచ్చిన 126 మంది భారతీయుల్లో 12 మంది మరణించారు, 16 మంది ఆచూకీ తెలియలేదు.

ముందు ముందు ఈ గిరాకీ పెరిగేలా ఉంది. సూడాన్ యుద్ధంలో కొలంబియా మాజీ సైనికులు కనిపించారు. హైతీ అధ్యక్షుడు జోవెనెల్ మొయిజ్‌ను 2021 జులైలో చంపిన ముఠాలో ఎక్కువమంది వాళ్లే. దశాబ్దాలపాటు అంతర్యుద్ధం చేసిన సైన్యం నుంచి నలభై ఏళ్లకే చిన్న పెన్షన్‌తో బయటపడే మనుషులు ఆ దేశంలో చాలామంది ఉన్నారు. భారత్‌లో 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద చేరినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది నాలుగేళ్లకే బయటికి రావాలి. 2022 చివర, 2023 ఆరంభంలో శిక్షణకు చేరిన మొదటి బ్యాచ్‌లకు ఆ గడువు 2027 ఆరంభానికల్లా ముగుస్తుంది. కేంద్ర బలగాల్లో రిజర్వేషన్ వంటి దారులు ప్రకటించారు. వాటిలో చోటు దొరకని శిక్షణ పొందిన యువకుడి ఫోన్ నంబర్ విలువ ఏజెంట్లకు బాగా తెలుసు.

విదేశీ సైన్యాల్లో భారతీయులను చేర్చుకోవడాన్ని అడ్డుకునేందుకు కేంద్రం చేతిలో ఉన్న పాత చట్టం 1874 నాటి ఫారిన్ రిక్రూటింగ్ చట్టం. అది మాట్లాడేది విదేశీ రాజ్యం గురించి, ప్రభుత్వ అధికారం చలాయించేవాళ్ల గురించి. ప్రైవేటు కంపెనీ ఆ నిర్వచనంలో లేదు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రధానంగా దేశం లోపల కాపలా ఏజెన్సీల లైసెన్సుల కోసం చేసింది. విదేశాల్లో కాపలా సేవలకు ముందస్తు అనుమతి కావాలని అందులో ఉన్నా, అది అలాంటి ఏజెన్సీలకే వర్తిస్తుంది. అందుకే 2024లో సీబీఐ రష్యా ఏజెంట్ల మీద కేసు పెట్టాల్సి వచ్చినప్పుడు మోసం, మనుషుల అక్రమ రవాణా సెక్షన్ల కింద పెట్టింది. మనిషి వెళ్లి మోసపోయాక, చాలాసార్లు ప్రాణం పోయాక మాత్రమే ఆ సెక్షన్లు పనిచేస్తాయి. ఆయుధం పట్టే పనికి విదేశాలకు మనుషులను పంపాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి చేసే దక్షిణాఫ్రికా తరహా నిబంధన ఉంటే, ఏజెంట్ ప్రకటన ఇచ్చిన రోజే కేసు పెట్టే వీలుంటుంది.